నాన్నగారికి ఫ్లూ టీకా, మాస్కు: కేసులు తక్కువున్నప్పుడు

వైజాగ్‌లో ఇప్పుడు కేసులు పెద్దగా లేవు కదా, షుగరున్న 68 ఏళ్ల నాన్నగారికి ఫ్లూ టీకా, మాస్కు అవసరమా అని అడిగారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి. మాస్కు పెట్టుకున్న క్షణం నుంచే పనిచేస్తుంది కాబట్టి, జ్వరాలు పెరిగాక మొదలుపెట్టినా చాలు. టీకా అలా కాదు, రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి పెరుగుతుంది. అందుకే మే నెలాఖరుకో జూన్ మొదట్లోనో డాక్టరుగారితో మాట్లాడి వేయించండి, ఏటా వేయించాలి కూడా. డబ్బా మీద ఏ సీజన్ టీకానో, గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. “వేయించుకుంటే ఫ్లూ వస్తుంది” అన్నది ఒట్టి మాట. సూదిమందులో బతికున్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు వెచ్చబడటం మామూలే. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సూది వేసినచోట రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి.

బీచ్ రోడ్డు వాకింగ్‌కు మాస్కు దండగ. కేజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి) ఓపీలోనూ, కిక్కిరిసిన సిటీ బస్సులోనూ మాత్రం ఎన్‌95 మాస్కు (సన్నటి కణాలను వడకట్టేది) పెట్టించండి. కళ్లజోడు మసకబారుతోందంటే ముక్కు దగ్గర గాలి పోతున్నట్టే, ముక్కు మీద ఉండే వంగే పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కాలి. గడ్డం ఉంటే అంచు అతకదు. మన ఉక్కపోతకు తడిసిపోతే మార్చెయ్యండి. ఉతకొద్దు, సన్నటి కణాలను పట్టి ఉంచే విద్యుదావేశం పోతుంది.