పైథాన్ ప్రశ్నలు – జవాబులు: ఎర్రర్ ఒక లైన్‌లో, తప్పు ఇంకో లైన్‌లో

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చాట్‌బాట్ (మనం కొట్టిన మాటకు జవాబిచ్చే ప్రోగ్రాం) గురించే. కోడ్‌ను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చు వేస్తున్నాం. మీరు మాత్రం వైల్, ఇఫ్, ఎలిఫ్, ఎల్స్, ప్రింట్, ఇన్‌పుట్ లాంటివి ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే కొట్టాలి. ట్రూ ఒక్కదానికే మొదటి అక్షరం పెద్దబడి.

ప్రశ్న: తిరుమల వెళ్లేవాళ్లకు దారి చెప్పే చిన్న చాట్‌బాట్ రాస్తున్నాను సార్. మూడో లైన్‌లో ‘ఇన్వాలిడ్ సింటాక్స్’ అంటోంది. అక్షరం అక్షరం చూశాను, కోలన్ కూడా ఉంది. ల్యాబ్‌లో పైథాన్ 3.8 ఉంది. కోడ్ పంపుతున్నాను.
*– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి*

```
1  వైల్ ట్రూ:
2      మాట = ఇన్‌పుట్("ఏం కావాలి? "
3      ఇఫ్ మాట == "మెట్లు":
4      ప్రింట్("అలిపిరి దారిలో 3550 మెట్లు")
5    ఎల్స్:
6      ప్రింట్("అర్థం కాలేదు")
```

మూడో లైన్‌లో తప్పేం లేదమ్మా. రెండో లైన్ చివర చూడండి: ఇన్‌పుట్ పక్కన తెరిచిన బ్రాకెట్‌ను మూయలేదు. బ్రాకెట్ తెరిచి ఉన్నంతసేపూ లైన్ అయిపోయిందని పైథాన్ అనుకోదు, కింది లైన్‌ను కూడా దాంట్లోనే కలుపుకుని చదువుతుంది. అలా చదువుకుంటూ పోయి మూడో లైన్ కోలన్ దగ్గర ఇక ముందుకు పోలేక ఆగింది. అది చెప్పే నంబరు తాను ఆగిన చోటుది. అందుకే ఆ లైన్ శుభ్రంగా ఉంటే దాని పై లైన్ చూడాలి, ముందు బ్రాకెట్లు, తర్వాత కోట్ గుర్తులు. 3.10 నుంచి ఈ బాధ చాలావరకు తగ్గింది. ఇలాంటి చోట రెండో లైన్‌నే చూపించి ‘ఈ బ్రాకెట్ మూయలేదు’ అని చెబుతుంది. ల్యాబ్‌లో కుదరకపోయినా ఇంట్లో కొత్తది వేసుకోండి.

బ్రాకెట్ మూసి రన్ చేస్తే వెంటనే నాలుగో లైన్‌లో ఇంకో ఎర్రర్ వస్తుంది, కంగారు పడొద్దు. పైథాన్ సింటాక్స్ తప్పులన్నీ ఒకేసారి చెప్పదు, మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. ఈసారి వచ్చేది ‘ఎక్స్‌పెక్టెడ్ యాన్ ఇండెంటెడ్ బ్లాక్’. కోలన్‌తో ముగిసిన ఇఫ్ కింద, దాని కంటే లోపలికి జరిగిన లైన్ కనీసం ఒకటి ఉండాలి. మీ ప్రింట్ ఇఫ్‌తో సమానంగా నిలబడింది. ఇఫ్ నాలుగు స్పేసుల మీద ఉంది కాబట్టి ప్రింట్ ఎనిమిది మీద ఉండాలి.

అది సర్దాక అయిదో లైన్ అందుకుంటుంది: ‘అన్ఇండెంట్ డజ్ నాట్ మ్యాచ్ ఎనీ అవుటర్ ఇండెంటేషన్ లెవెల్’. అప్పటికి మీ ప్రోగ్రాంలో 0, 4, 8 అని మూడు మట్టాలున్నాయి. ఎల్స్ 2 దగ్గర ఉంది, ఆ మట్టం పైన ఎక్కడా లేదు. వెనక్కి వచ్చే లైన్ అంతకుముందున్న మట్టాల్లో ఏదో ఒకదానికి సరిగ్గా రావాలి.

ఇక్కడే చాలామంది ఎల్స్‌ను పూర్తిగా ఎడమ అంచుకు లాగేస్తారు. ఎర్రర్ పోతుంది, ప్రోగ్రాం నడుస్తుంది, కానీ తెలియని మాట అడిగితే చాట్‌బాట్ నోరు మెదపదు. కారణం, పైథాన్‌లో వైల్‌కు కూడా ఎల్స్ ఉండొచ్చు. అంచుకు లాగిన ఎల్స్ ఇఫ్‌ను వదిలి వైల్‌కు అతుక్కుంటుంది. వైల్ షరతు అబద్ధమైనప్పుడే ఆ ఎల్స్ నడుస్తుంది. ‘వైల్ ట్రూ’ ఎప్పటికీ అబద్ధం కాదు కదా! మా లెక్కన ఎర్రర్ చూపే తప్పుల కంటే ఇలా నోరు మూసుకుని ఉండే తప్పులే ప్రమాదం.

సరిచేసిన కోడ్ ఇది. ఆపే దారి కూడా కలిపాం. మీ దాంట్లో అది లేదు, నడవడం మొదలుపెడితే కంట్రోల్–సి కొట్టి ఆపాల్సిందే.

```
వైల్ ట్రూ:
    మాట = ఇన్‌పుట్("ఏం కావాలి? ").స్ట్రిప్()
    ఇఫ్ మాట == "చాలు":
        ప్రింట్("మంచిది, వెళ్లిరండి")
        బ్రేక్
    ఎలిఫ్ మాట == "మెట్లు":
        ప్రింట్("అలిపిరి దారిలో 3550 మెట్లు")
    ఎల్స్:
        ప్రింట్("అర్థం కాలేదు")
```

బ్రేక్‌ను ఎనిమిది స్పేసుల మీదే ఉంచండి. నాలుగుకు జరిగితే ఇఫ్ అక్కడితో తెగిపోతుంది, కిందున్న ఎలిఫ్‌కు పైన ఇఫ్ లేకుండా పోతుంది. అప్పుడు ఎర్రర్ పడేది ఏ పాపం ఎరగని ఎలిఫ్ లైన్ మీద. స్ట్రిప్ ఎందుకంటే, వాడేవాళ్లు మాట చివర స్పేస్ కొట్టినా పోలిక తప్పకుండా.

ఇంటి దగ్గర నోట్‌ప్యాడ్‌లో ట్యాబ్ కొట్టి, ల్యాబ్‌లో స్పేసులు కొట్టే అలవాటు ఉంటే ‘ట్యాబ్ ఎర్రర్’ కూడా ఎదురవుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ ఎడిటర్‌లో మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో ‘అన్‌ట్యాబిఫై రీజియన్’ నొక్కండి. వీఎస్ కోడ్‌లో అయితే కింది పట్టీలో ‘స్పేసెస్’ లేదా ‘ట్యాబ్ సైజ్’ అని ఉన్నచోట నొక్కి, ‘కన్వర్ట్ ఇండెంటేషన్ టు స్పేసెస్’ ఎంచుకోండి.

ప్రశ్న: ఫ్రెండ్ వర్డ్ ఫైల్‌లో పెట్టి పంపిన కోడ్ కాపీ చేశాను. వాడి దగ్గర నడుస్తోంది, నా దగ్గర మొదటి ప్రింట్‌లోనే ‘ఇన్వాలిడ్ క్యారెక్టర్’.
*– ఇంటర్ విద్యార్థి, చంద్రగిరి*

వర్డ్ చేసిన పని అది. నిటారు కోట్ గుర్తులను అందంగా కనిపించాలని వంకర గుర్తులుగా మార్చేస్తుంది. పైథాన్‌కు నిటారువే తెలుసు. ఎర్రర్ పక్కన యూ+201సి అని ఉంటే తెరిచే వంకర కోట్, యూ+201డి అంటే మూసేది. చెరిపి మళ్లీ కొట్టండి. ఎక్కువ ఉంటే ఐడిల్‌లో కంట్రోల్–హెచ్ నొక్కి, రెండు రకాలనూ విడివిడిగా రీప్లేస్ చేయండి. ఐఫోన్ కీబోర్డ్ కూడా ఇదే చేస్తుంది, సెట్టింగ్స్‌లో ‘స్మార్ట్ పంక్చుయేషన్’ ఆపేయండి. ఇకనుంచి కోడ్‌ను వర్డ్‌లో అతికించకుండా అసలు ఫైల్‌నే డాక్యుమెంట్‌గా పంపమనండి.

ప్రశ్న: మామిడి రేటు లెక్క చెప్పే చాట్‌బాట్ రాశాను. నీలం అని కొట్టినా, ఇమామ్ పసంద్ అని కొట్టినా తోతాపురి జవాబే ఇస్తోంది. కిలో 10 రూపాయల చొప్పున 5 కిలోలకు 1010101010 అంటోంది! ఎర్రర్ ఒక్కటీ లేదు.
*– ఒక పాఠకుడు, చిత్తూరు*

ఆ రేటు వస్తే రైతులకు అంతకంటే ఏం కావాలి! రెండు తప్పులున్నాయి. మీరు రాసినది:

```
ఇఫ్ మాట == "తోతాపురి" ఆర్ "బెంగళూరా":
```

మనం చదివితే ‘మాట తోతాపురి అయినా, బెంగళూరా అయినా’ అని అర్థమవుతుంది. పైథాన్ అలా చదవదు. ఆర్‌కు అటు ఒక షరతు, ఇటు ఒక షరతు అని విడదీస్తుంది. ఇటువైపు ఉన్నది ఒట్టి "బెంగళూరా". ఖాళీ కాని ఏ మాటైనా దానికి నిజమే. కాబట్టి ఏం అడిగినా షరతు నెగ్గుతుంది. ఇలా మార్చండి:

```
ఇఫ్ మాట ఇన్ ["తోతాపురి", "బెంగళూరా"]:
```

రెండోది, ఇన్‌పుట్ ఎప్పుడూ అక్షరాలనే ఇస్తుంది, అంకెలు కొట్టినా సరే. "10" అనే అక్షరాలను 5తో గుణిస్తే వాటిని అయిదుసార్లు పక్కపక్కన పేరుస్తుంది. ఫ్లోట్(ఇన్‌పుట్("కిలో ధర: ")) అని రాయండి. చివర బ్రాకెట్లు రెండు మూయాలి. ఇంట్ వాడితే 12.50 కొట్టగానే ‘వాల్యూ ఎర్రర్’ వస్తుంది, ధరలకు ఫ్లోటే నయం. ‘12 రూ.’ అని కొడితే మాత్రం ఫ్లోట్ కూడా ఒప్పుకోదు.

ప్రశ్న: నా చాట్‌బాట్ పూర్తిగా తెలుగులోనే. ‘స్టేషన్’ అని నా ల్యాప్‌టాప్‌లో కొడితే జవాబిస్తోంది, అన్నయ్య ల్యాప్‌టాప్‌లో కొడితే అర్థం కాలేదంటోంది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.
*– ఎంసీఏ విద్యార్థిని, శ్రీకాళహస్తి*

చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, లెక్కకు లేవు. లెన్(మాట) ప్రింట్ చేసి చూడండి, మాటలో ఎన్ని గుర్తులున్నాయో అది లెక్కపెడుతుంది (గుణింతం, పొల్లు కూడా విడివిడిగా లెక్కే). మీ దగ్గర 7, అన్నయ్య దగ్గర 8 వస్తే మా అనుమానం నిజమే. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లు తర్వాతి అక్షరానికి వత్తుగా మారకుండా అది అడ్డుపడుతుంది. మాట చివర ఉంటే దాని జాడే తెలియదు. స్ట్రిప్ దాన్ని తీయదు, అది స్పేస్ కింద లెక్కకు రాదు. ఇన్‌పుట్ తీసుకున్న వెంటనే ఈ లైన్ పెట్టండి:

```
మాట = మాట.రీప్లేస్("\యూ200సి", "")
```

యూ, సి రెండూ చిన్నబడి. వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి పైథాన్ 3 ఒప్పుకుంటుంది కానీ, పేరులో ఈ అక్షరం దూరితే సింటాక్స్ ఎర్రరే. మాటల్లో ఉంటే ఎర్రర్ రాదు, పోలిక మాత్రం తప్పుతుంది.

అన్నట్టు, తెలుగుకు == పెద్దగా పనికిరాదు. ఎవరూ ఒట్టి ‘స్టేషన్’ అని అడగరు. స్టేషన్‌కు ఎలా పోవాలి, స్టేషన్‌లో రూములున్నాయా అంటారు. పైన చెప్పిన రీప్లేస్ చేశాక ఇఫ్ "స్టేషన్" ఇన్ మాట: అని రాస్తే అన్నీ దొరుకుతాయి. ‘ఊరు’ లాంటివి ఊరికి, ఊళ్లో అని రూపం మార్చుకుంటాయి, వాటికి "ఊర", "ఊళ్ల" రెండూ వెతకాలి. ఇంకో చిక్కు: "కొండ" వెతికితే ‘ఏడుకొండలవాడు’ కూడా తగులుతుంది. అందుకే పొడుగు మాటల షరతులు పైన, పొట్టివి కింద పెట్టండి. ఎలిఫ్‌లలో ముందు నెగ్గినదే నడుస్తుంది.

ప్రశ్న: లైబ్రరీ పుస్తకంలో ఉన్నట్టే ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాశాను. ఎందుకు రావడం లేదు?
*– ఒక పాఠకుడు, పలమనేరు*

ఆ పుస్తకం పైథాన్ 2ది. దానికి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. ప్రింట్‌కు బ్రాకెట్లు పెట్టండి, రా_ఇన్‌పుట్ అని ఉన్నచోటల్లా ఇన్‌పుట్ అని మార్చండి. అంతకంటే సులువు, పుస్తకం మార్చడం.

ప్రశ్న: పలకరింపులు మార్చి మార్చి చెప్పించాలని ర్యాండమ్.చాయిస్ వాడాను. ర్యాండమ్‌లో చాయిస్ అనేదే లేదంటోంది.
*– పాలిటెక్నిక్ విద్యార్థి, కుప్పం*

మీ ఫైల్ పేరు ర్యాండమ్.పీవై అని పెట్టి ఉంటారు, చూసుకోండి. ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్ ముందు మీ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అసలు ర్యాండమ్‌కు బదులు మీ ఫైలే దొరికి దాన్నే తెచ్చుకుంటోంది. ఫైల్ పేరు పలకరింపు.పీవై అనో, ఇంకేదో పెట్టండి.