గ్యాంగు గొడవలున్న ఏరియాలో మామూలు జనం చేయగలిగింది ఏమైనా ఉందా?

మీ ఏరియాలో రెండు బ్యాచ్‌లు కొట్టుకుంటున్నాయి, మొన్న కత్తులదాకా వచ్చింది, పోలీసులకు చెప్తే ఇంటి మీదకొస్తారని అందరూ తలుపులేసుకుంటున్నారు, మీ తమ్ముణ్ణి కూడా ‘ఊరికే వచ్చి నిలబడరా చాలు’ అని పిలుస్తున్నారు, ఇల్లు ఖాళీ చేయడం తప్ప దారి ఉందా అని అడిగారు. నేను పెరిగింది సరిగ్గా ఇలాంటి చోటే. దారి ఉంది, కాకపోతే చాలామంది ముందుగా అనుకునే దారి అది కాదు.

బయటివాళ్ళకి ఆ వీధుల్లో కుర్రాళ్ళంతా రౌడీల్లాగే కనిపిస్తారు. నిజంగా ఆయుధం తీసేవాళ్ళు గుప్పెడుమందే, వాళ్ళెవరో వీధిలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. అమెరికాలో బోస్టన్ నగరంలో 1990ల్లో పరిశోధకులు, పోలీసులు, వీధుల్లో పనిచేసే కార్యకర్తలు కలిసి కూర్చుని లెక్క తీస్తే, గ్యాంగుల్లో ఉన్నది సుమారు 1,300 మంది అని తేలింది. అంటే ఊళ్ళో ఆ వయసువాళ్ళలో ఒక శాతం కూడా లేరు. కానీ కుర్రాళ్ళ హత్యల్లో కనీసం 60 శాతం వీళ్ళ చుట్టూనే జరిగాయి, అదీ ఎక్కువగా పాత పగల వల్ల. 1996లో ఆ గ్యాంగుల వాళ్ళని పిలిపించి మొహం మీదే చెప్పారు: ఒక్కడు చంపినా మొత్తం గ్యాంగు మీద పడతాం, బయటికి రావాలనుకున్నవాడికి పనీ చదువూ చూపిస్తాం అని. ఆ తర్వాత అక్కడ కుర్రాళ్ళ హత్యలు 63 శాతం తగ్గాయి. అప్పట్లో ఆ దేశమంతటా హత్యలు తగ్గుతున్నాయి కాబట్టి గొప్పంతా దీనిదే అనను, కానీ ఎవరితో మాట్లాడాలో తెలుసుకుని మాట్లాడారు, అది ముఖ్యం.

మా దగ్గర ప్రతి పెద్ద గొడవకీ ముందు ఒక చిన్న గొడవ ఉండేది. బండి తగిలిందనో, ఒకడు ఇంకొకణ్ణి గుర్రుగా చూశాడనో, ఇప్పుడైతే స్టేటస్‌లో ఏదో పెట్టాడనో మొదలయ్యేది. దెబ్బలు తిన్నవాణ్ణి ఆసుపత్రిలో చేర్చాక వాడి ఫ్రెండ్స్ అంతా వార్డు బయట పోగవుతారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే. కోపం, నిద్రలేమి, పక్కనే ‘ఇది కూడా వదిలేస్తే మన పరువేం కావాలి’ అని ఎక్కించే ఒకడు, అంతే, స్కెచ్ అక్కడే తయారవుతుంది.

మా ఏరియాలో ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో ఇవన్నీ చేసి జైలుకెళ్ళి వచ్చినవాడే, తర్వాత బండ్లు రిపేరు చేసుకుంటూ బతికాడు. రెండు బ్యాచ్‌లవాళ్ళూ ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్ళు. ఇలాంటిది జరిగినప్పుడల్లా తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి ఆ కుర్రాళ్ళ మధ్య కూర్చునేవాడు. నీతులు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ‘ఈ రాత్రికి వద్దురా, పొద్దున్నే నేనే వెళ్ళి మాట్లాడతా’ అనేవాడు, తెల్లారేదాకా ఒక్కణ్ణీ కదలనిచ్చేవాడు కాదు. తెల్లారేసరికి సగం కోపం దిగిపోయేది. చికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే డాక్టరు 2000లో మొదలుపెట్టిన పద్ధతి కూడా ఇదేనని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆయన అంటువ్యాధుల నిపుణుడు, హింస కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి అంటుకునే చోటే ఆపాలన్నాడు, అందుకు ఒకప్పుడు ఆ వీధుల్లోనే తిరిగినవాళ్ళని పెట్టాడు. కొన్నిచోట్ల బాగా పనిచేసింది, కొన్నిచోట్ల అంతగా లేదు. నా లెక్కలో తేడా అలా మధ్యలో కూర్చునే మనిషిలోనే ఉంటుంది. వీడు పోలీసులకు సమాచారం ఇస్తున్నాడని ఒక్కసారి అనుమానం వచ్చిందా, ఇక వాడి మాట ఎవడూ వినడు, పైగా వాడి ప్రాణానికే ముప్పు. అందుకే కేసు గురించిన ఒక్క ప్రశ్న కూడా అలాంటి మనిషిని అడగొద్దు.

మీ దగ్గర అలాంటి మనిషి ఎవరో కనుక్కోండి. తల్లుల్ని కూడా కలుపుకోండి. మా దగ్గర రెండు వైపులా ఉన్న కుర్రాళ్ళ తల్లులకి ఒకరితో ఒకరికి మాటలుండేవి, ఏ రాత్రి ఏదో జరగబోతోందని ముందు పసిగట్టేది వాళ్ళే.

కర్రలు పట్టుకుని కాపలా కాద్దాం అనేవాళ్ళు మీ కాలనీలోనూ బయల్దేరతారు. వద్దు. మా దగ్గర అలా మొదలైనవాళ్ళు చివరికి మూడో బ్యాచ్ అయ్యారు. అలాగే లోకల్ పెద్దమనిషి పిలిచి సెటిల్‌మెంట్ చేస్తానంటే మురిసిపోకండి, గొడవ ఆగినన్నాళ్ళూ ఆ గ్యాంగు లీడర్లకే హోదా పెరుగుతుంది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశంలో 2012లో గ్యాంగుల మధ్య అలాంటి రాజీ కుదిరితే హత్యలు ఒక్కసారిగా పడిపోయాయి, రాజీ చెడిపోయాక 2015లో మునుపటికంటే ఘోరంగా పెరిగాయి.

ఇక పోలీసులు. ఒక్కరే వెళ్ళొద్దు, పదిమంది సంతకాలతో వెళ్ళండి. ఫలానావాణ్ణి లోపలెయ్యండి అని రాయకండి, ఫలానా మలుపు దగ్గర లైట్లు లేవు, రాత్రి పెట్రోలింగ్ కావాలి అని రాయండి, దాంతో ఎవరి పేరూ బయటికి రాదు. కనిపించిన కుర్రాడినల్లా పట్టుకెళ్తే మాత్రం వెంటనే అభ్యంతరం చెప్పండి, ఏ సంబంధమూ లేనివాడు లోపల పరిచయాలు చేసుకుని బయటికొస్తాడు. పాడుబడ్డ స్థలాలుంటే శుభ్రం చేయించండి. ఇది చిన్నపనిలా అనిపిస్తుంది కానీ అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 541 ఖాళీ స్థలాలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి, చెత్త తీసి గడ్డీ చెట్లూ పెట్టిన చోట, పేద వాడల్లో, తుపాకీ హింస 29 శాతం దాకా తగ్గింది.

మీ తమ్ముడి సంగతి. ‘ఊరికే నిలబడు’ అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి, పక్కన నిలబడ్డవాడి పేరు కూడా కేసులోకి ఎక్కుతుంది, దెబ్బలు తినేదీ చాలాసార్లు వాడే. ఫ్రెండ్స్‌ని తిట్టి లాభం లేదు, వాళ్ళ దగ్గర పరువు పోకుండా తప్పుకోవడానికి వాడికో సాకు ఇవ్వండి: రాత్రి డ్యూటీ, కోచింగ్, ఏదైనా సరే. గొడవ జరిగిన వారం మాత్రం వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచండి. వాడి పేరు పెట్టి బెదిరింపు వస్తే అప్పుడు కాలనీ, మీటింగులు అని ఆలోచించకండి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, వాణ్ణి అక్కడినుంచి ముందు పంపించేయండి.