ఓడ దారి మళ్లితే బియ్యం నష్టం ఎవరిది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు ఉంది. దుబాయ్ పార్టీకి రెండు కంటైనర్ల సోనా మసూరి పంపాను. 20 శాతం అడ్వాన్స్, మిగతాది సరుకు చేరిన 60 రోజులకు. హోర్ముజ్ దగ్గర ఇరాన్, అమెరికా యుద్ధనౌకల టెన్షన్ వల్ల షిప్పింగ్ లైన్ కంటైనర్లను ఒమాన్‌లోని సొహార్‌లో దించేసింది. నెలకు పైగా ఎండలో ఉండి దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవుకు చేరాయి. బియ్యం గడ్డకట్టింది, పురుగు పట్టింది అంటూ పార్టీ డబ్బు ఆపేశాడు. సరుకు మాత్రం తన గోదాముకు తీసుకెళ్లాడు. ఇంట్లో బంగారం తాకట్టులో ఉంది, రైతులకు వడ్ల డబ్బులు ఇవ్వాలి. అంతర్జాతీయ జలాల్లో దేశాలు కొట్లాడుకుంటే నేనెందుకు నష్టపోవాలి? ఇన్సూరెన్స్ మీద కేసు వేయొచ్చా? ఇన్వాయిస్, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు జత చేశాను.

సమాధానం: ముందు ఒక మాట. హోర్ముజ్ జలసంధి ఇరుకైన చోట వెడల్పు 40 కిలోమీటర్లు కూడా లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల (సుమారు 22 కిలోమీటర్ల) దాకా ఆ దేశానివే కాబట్టి అక్కడి నీళ్లు ఇరాన్, ఒమాన్‌లవే. ఓడలకు దాటిపోయే హక్కు మాత్రం ఉంటుంది. ఏదేమైనా ఏ దేశం మీదా మీరు మిర్యాలగూడ కోర్టులో దావా వేయలేరు.

మీ కేసును తేల్చేది ఇన్వాయిస్‌లో ధర పక్కన ఉన్న మూడక్షరాలు: సీఐఎఫ్. అంటే కిరాయి, ఇన్సూరెన్స్ మీవే అయినా, ముంబై దగ్గర నవా షేవాలో సరుకు ఓడెక్కిన క్షణం నుంచి రిస్క్ కొన్నవాడిది. సొహార్‌లో ఎండినా, గడ్డకట్టినా అది ఆయన నష్టం. మీకు రావాల్సింది పరిహారం కాదు, సరుకు ధర. ఆయన సరుకు దించుకుని, తగిన సమయంలో తిరస్కరించినట్టు చెప్పకుండా ఉంచుకుంటే చట్టం దాన్ని అంగీకారంగానే చూస్తుంది. ఒక్క చిక్కు: పర్చేజ్ ఆర్డర్‌లో ఎక్కడైనా ‘అక్కడికి చేరాక క్వాలిటీ చూసే ఫైనల్’ అని ఉందా? మీరు అది పంపలేదు. ఉంటే నేను పైన చెప్పినదంతా తలకిందులవుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి. 2024 ఏప్రిల్ 13న ఇరాన్ ఆ ప్రాంతంలోనే ఎంఎస్‌సీ ఏరీస్ అనే ఓడను పట్టుకుంది, సిబ్బందిలో 17 మంది మనవాళ్లు. అలాంటి నష్టానికి వార్ రిస్క్ కవర్ పనికొస్తుంది. మీ ఓడను ఎవరూ ముట్టలేదు. ఆలస్యం వల్ల పాడైన సరుకుకు, పాలసీలో వేరే మాట లేకపోతే, 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 55 ప్రకారం కంపెనీ బాధ్యత లేదు. కంటైనర్‌లోకి నీళ్లు దిగాయని సర్వే రిపోర్టు ఉంటే వేరే సంగతి. ఆ క్లెయిమ్ కూడా కొన్నవాడే చూసుకోవాలి. షిప్పింగ్ లైన్ మీద దావాకు గడువు డెలివరీ నుంచి ఒక్క ఏడాదే.

ఇప్పుడు మీ వాట్సాప్. ‘సరే అన్నా, పరిస్థితి నాకూ తెలుసు, మీరు ఎంత ఇస్తే అంత’ అని రాశారు. ఎందుకు రాశారండీ ఆ మాట? కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 63 కింద అప్పిచ్చినవాడు తన బాకీని ఉత్తిగానే తగ్గించుకోవచ్చు. అవతలి లాయర్ మొదట చూపించేది ఈ మెసేజే. ఈ రోజే ఈమెయిల్ పెట్టండి: అది తుది ఒప్పందం కాదు, దాని ప్రకారం పైసా రాలేదు, ఇన్వాయిస్ మొత్తం కట్టాలి అని. చాట్ డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. ఎలక్ట్రానిక్ రికార్డులకు సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌తో అవే రేపు సాక్ష్యం.

ఆయన చివరి మెసేజ్ చూసి ఉలిక్కిపడ్డాను. ‘సగం బ్యాంకులో వేస్తా, మిగతాది హైదరాబాద్‌లో మనిషి చేతికిస్తాడు’. అది హవాలా. దాని జోలికి అస్సలు పోవద్దు. బ్యాంకు లెక్కలో మీ ఎగుమతి బిల్లు అలాగే తెరిచి ఉంటుంది, అంటే డబ్బు రానట్టే. అలా చేతికి డబ్బు తీసుకున్నందుకు ఫెమా (విదేశీ మారక చట్టం) కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పెనాల్టీ పడొచ్చు. పైగా ఆ సగం ముట్టిందని రేపు ఆయనే కోర్టులో చెప్పినా మీరు కాదనలేరు. నిజంగా తగ్గించి సెటిల్ చేసుకోవాలంటే ముందు మీ బ్యాంకుకు రాసి, అనుమతితో చేయండి.

ధర కోసం దావాకు మీకు మూడేళ్లు ఉంది, 60 రోజుల అరువు గడువు ముగిసిన నాటి నుంచి. ఈలోపు ‘బాకీ ఉంది’ అని ఆయన సంతకంతో రాసిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. కాంట్రాక్ట్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట ఆర్బిట్రేటర్ తీర్పు) షరతు ఉంటే దారి అటే. లేకపోతే లీగల్ నోటీసు, తర్వాత కమర్షియల్ దావాకు ముందు తప్పనిసరి మధ్యవర్తిత్వం.

బ్యాంకుకు వెళ్లినప్పుడు ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ ఎవరి పేరున ఉందో అడగండి. బ్యాంకు తన లోన్ కోసం తీసుకున్నదైతే అది బ్యాంకుకే రక్షణ, మీకు కాదు. మీ పేరున ఉంటే, కొన్నవాడు డబ్బు ఎగ్గొట్టడమూ అందులో కవర్ అవుతుంది. కాకపోతే బాకీ మీరిన విషయం వాళ్లకు గడువులోగా తెలపాలి. ఆ గడువు పాలసీ కాగితంలోనే ఉంటుంది, రేపు పొద్దున్నే తీసి చూడండి.