టైపు వ్యాసాలు దిద్దబోయే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. ఈసారి కొందరు విద్యార్థులు వ్యాసాలు చేత్తో రాసి ఇచ్చారనీ, కొందరు టైపు చేసి ఇచ్చారనీ రాశావు. టైపువైతే హాయిగా, త్వరగా అయిపోతాయని సంతోషించావు. జాగ్రత్త పడవలసింది అక్కడేనమ్మా.

కోడిగీతల రాత మార్కులు పోగొడుతుందని అందరికీ తెలుసు. అచ్చు కూడా పోగొడుతుందని చాలామందికి తెలియదు. అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు చేత్తో రాసిన వ్యాసాలను టైపు చేయించారు, టైపు చేసినవాటిని చేత్తో రాయించారు. మొదట ఎలా రాసినదైనా సరే, చేతిరాతలో చదివినప్పుడే సగటున ఎక్కువ మార్కులు పడ్డాయి. దిద్దేవారి శిక్షణను మార్చాక ఆ తేడా కొంత తగ్గింది. అందుకే నీకు ముందుగా చెబుతున్నాను.

చేత్తో మూడు పేజీలు నిండిన వ్యాసం టైపులో ఒక పేజీకి కుదించుకుపోతుంది. ఇంతేనా రాసింది అనిపిస్తుంది. కాబట్టి పేజీలు చూడకు, పదాలు చూడు. ఇక తప్పుల సంగతి. మన లిపిలో ద, ధల తేడా ఒక చిన్న గీత. చేతిరాతలో అది ఉందో లేదో తేలకపోతే కన్ను ఉందనే అనుకుని ముందుకు పోతుంది. అచ్చులో ‘విదానం’ అని ఉంటే తప్పించుకునే దారి లేదు. పైగా ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేటప్పుడు షిఫ్ట్ నొక్కడం మరిచిపోతే ణ కాస్తా న అవుతుంది, ళ కాస్తా ల అవుతుంది. ‘గుణం’ రాయడం వచ్చిన పిల్లవాడికి వేలు జారినందుకు భాష రాదని మార్కులు కోయడం అన్యాయం. ఒకే రకం తప్పు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే లెక్కపెట్టు.

విషయానికి, అమరికకు, భాషకు ఎన్నెన్ని మార్కులో ముందే కాగితం మీద రాసుకో. విషయం మార్కులు వేశాకే భాష జోలికి వెళ్లు. ముత్యాల్లాంటి అక్షరాలంటే నాకూ ప్రాణమే, కానీ వాటికి విడిగా మార్కులు లేవు. రాత అర్థంకాక విసుగు పుట్టిన పేపరును పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్నే చదువు.

అన్నీ అయ్యాక రెండు కట్టల్లోంచీ నాలుగైదు పేపర్లు తీసి, నీ మార్కులు కనపడకుండా మరో లెక్చరర్ చేత దిద్దించు. తేడా ఎక్కువగా వచ్చినవాటిని ఇద్దరూ కలిసి కూర్చుని మళ్లీ చదవండి. టైపు కట్టలోనే తేడాలు ఎక్కువగా వస్తే ఆ కట్టంతా మరోసారి చూడు.

ఇట్లు,
మీ మాస్టారు