ఆజీయా, డియోనా అని అడిగిన అమ్మాయికి

అమ్మాయీ,

బ్లాక్ సాబత్ అనే ఇంగ్లండు హెవీ మెటల్ బృందంలో ఒకరి తరవాత ఒకరు పాడిన ఆజీ ఆస్‌బోర్న్, రానీ జేమ్స్ డియోల మీద నీ వ్యాసం అందింది. పదకొండు పేజీలు. మధ్యాహ్నం ఒకసారి చదివాను, రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోను వెలుగులో ఇంకోసారి చదివాను. ‘బ్లాక్ సాబత్ అంటే డియోనే, ఆజీది ఒట్టి వేషం’ అని మొదటి వాక్యంలోనే గొడ్డలి ఎత్తావు. ఆ ఊపు నాకు నచ్చింది. కానీ పదకొండో పేజీకొచ్చినా గొడ్డలి ఎత్తే ఉంది, చెట్టు మీద ఒక్క గాటూ పడలేదు. ‘అద్భుతమైన గొంతు’ ఆరుసార్లు, ‘సాటిలేని’ నాలుగుసార్లు వచ్చాయి. ఆ గొంతు పాటలో ఏం చేస్తుందో మాత్రం ఒక్కసారీ లేదు.

ఎన్టీఆరా, ఏఎన్నారా అన్న మాట మీద మా మేనమామలు ముద్ద నోట్లో పెట్టుకోకుండా విస్తరి ముందు నుంచి లేచిపోవడం చూసినవాణ్ణి నేను. ఆ గొడవల్లో ఒకరు ఇంకొకరిని ఒప్పించడం ఎన్నడూ చూడలేదు. ఎవరు ఏ వయసులో ఏ సినిమా ముందు చూశారో, చివరిదాకా దానికే కాపలా కాసేవాళ్లు. సాబత్ అభిమానులదీ అదే తంతు. 1970లో వినడం మొదలెట్టినవాళ్లకి ఆజీ. 1980లో మొదలెట్టినవాళ్లకి డియో. నువ్వు ఈ రెండు కాలాలకీ చెందవు. అన్ని ఆల్బమ్‌లూ ఒకేసారి చేతికొచ్చిన తరం నీది. అలాంటప్పుడు పాతవాళ్ల పగ అప్పు తెచ్చుకోవడం దేనికి?

నా సంగతి చెబుతాను. విశాఖలో చదువుకునే రోజుల్లో మా గదిలోవాడి అన్న ఓడమీద పనిచేసేవాడు. ఒకసారి వస్తూ వస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. ఎక్కడో ఎవరో రికార్డు చేసి ఇచ్చింది. అట్ట లేదు, పేర్లు లేవు. ఒక పక్క ఆజీ పాడిన ‘పారనాయిడ్’ ఆల్బమ్, రెండో పక్క డియో పాడిన ‘హెవెన్ అండ్ హెల్’ అని చాలాకాలానికి తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా ఒక పక్క ఒకడు వీధి చివర నిలబడి ఎవరినో హెచ్చరిస్తున్నట్టు పాడతాడు, రెండో పక్క ఇంకొకడు గుడి మెట్ల మీంచి పురాణం చెబుతున్నట్టు పాడతాడు. రెండు వేరువేరు బృందాలనే అనుకున్నాం. ఒకరోజు మావాడు రెండో పక్క వింటూ ‘ఒరే, గిటారు వాయించే చెయ్యి ఒకటేరా’ అన్నాడు. సంగీతం రాని మనిషి. నాకు తెలిసి సాబత్ గురించి అంతకన్నా మంచి విమర్శ ఎవరూ చెయ్యలేదు.

ఆ చెయ్యి టోనీ అయోమీది. పదిహేడేళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే రోజునే, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు మిషన్లో తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు అంటించుకున్నాడు. నొప్పి తగ్గడానికి సన్నని తీగలు కట్టుకున్నాడు. 1971 నాటి మూడో ఆల్బమ్‌కి వచ్చేసరికి తీగలు బాగా వదులు చేసి, శ్రుతిని కిందికి దించేశాడు. నువ్వు ‘చీకటి శబ్దం’ అని రాసినదానికి సగం కారణం ఆ వేళ్లే. నీ పదకొండు పేజీల్లో ఆయన పేరు రెండుసార్లే వచ్చింది, అదీ ‘తదితరులు’ పక్కన.

ఇప్పుడు గొంతుల దగ్గరికి వద్దాం. నువ్వు కొంచెం వీణ నేర్చుకున్నానన్నావు కదా, బృందం పేరే పేరుగా ఉన్న ఆ మొదటి పాట వీణ మీద పెట్టి చూడు. షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణుంచి దిగి ప్రతిమధ్యమం. అంతే, మూడు స్వరాలు. కల్యాణిలో ఆ ప్రతిమధ్యమం వింటే మనకి పెళ్లిపందిరి గుర్తొస్తుంది. వీళ్ల చేతిలో అదే స్వరం అర్ధరాత్రి తలుపు చప్పుడైంది. పక్కన తోడు స్వరాలు లేకుండా దాన్ని ఒంటరిగా నిలబెట్టడంలో ఉంది కిటుకు.

తరవాత ‘ఐరన్ మ్యాన్’ విను. గిటారు ఏ దారిన నడుస్తుందో ఆజీ గొంతు సరిగ్గా అదే దారిన, అడుగులో అడుగేసి నడుస్తుంది. పాటగాడికి విడిగా బాణీ లేదు. దీన్ని చేతకానితనం అన్నావు నువ్వు. నేను అలా వినలేదు. గొంతూ గిటారూ ఒకటైపోతే పాడేవాడు మాయమై, ఆ ఇనుప మనిషే నడిచొస్తున్నట్టుంటుంది. అందంగా పాడే గొంతుకి ఆ పని చేతకాదు. ‘వార్ పిగ్స్’లో ఇంకో పద్ధతి. గిటారు రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది. తాళం చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఆ ఖాళీలో ఆజీ ఒక్కడే నిలబడి అరుస్తాడు. అప్పుడది పాట కన్నా ఊరేగింపులో నినాదానికి దగ్గర.

డియో వచ్చాక ఇల్లే మారిపోయింది. ‘హెవెన్ అండ్ హెల్’ పాటలో ఆయన చరణం అందుకోగానే అయోమీ గిటారు తప్పుకుంటుంది. కింద బేసూ, డ్రమ్ములూ మాత్రం ఒకే నడకలో సాగుతుంటాయి. గొంతు వాటి మీదుగా అడ్డంగా, తన బాణీలో తాను పోతుంది. రిఫ్, అంటే గిటారు మళ్లీ మళ్లీ వాయించే ముక్క, రాసేటప్పుడే గాయకుడికి చోటు వదిలి రాశారన్నమాట. ఆజీ కాలంలో గొంతు గిటారుకి జోడెద్దు. డియో కాలంలో గిటారే పల్లకీ మోసింది. ఏది గొప్ప అని నన్నడిగితే, ఎనభైల పాటలు ఎక్కువసార్లు విన్నాను, డెబ్భైల పాటలు ఎక్కువ కాలం వెంటాడాయి అంటాను. అది నా గొడవ. నీ పాఠకుడికి కావాల్సింది ఈ తేడా చెవికి తెలిసేలా చెప్పడం.

ఇంకొకటి. ఆజీ పాడిన మాటలకి ఆజీనే పొగిడావు, ఆజీనే తిట్టావు. ఆ కాలపు మాటల్లో ఎక్కువ భాగం రాసింది బేస్ వాయించే గీజర్ బట్లర్. డియో తన మాటలు తనే రాసుకున్నాడు. కాబట్టి 1980లో గాయకుడితో పాటు కవి కూడా మారాడు. యుద్ధం, మందు, పిచ్చి, అణుబాంబు పోయి రాజులు, మంత్రగాళ్లు, ఇంద్రధనుస్సులు వచ్చాయి. నువ్వు ‘డియోతో సాబత్‌కి లోతు వచ్చింది’ అన్నచోట నాకు గీజర్ మీద జాలేసింది.

నీ వ్యాసంలో లేనిదీ, ఉండి తీరాల్సిందీ ఒకటుంది. ఇద్దరు మనుషుల మధ్య పోటీని ఎలా రాయాలో అది నేర్పుతుంది. 1979లో ఆజీని తాగుడూ మత్తుమందుల కారణంగా పంపేశారు. నిజానికి ఆ ఇంట్లో ఎవరూ గంగాజలం తాగడం లేదు. కబురు చెప్పే పని డ్రమ్మర్ బిల్ వార్డ్ మీద పడింది. ఆ ఖాళీలోకి, జనం ‘ఆజీ, ఆజీ’ అని అరుస్తుండగా, పొట్టివాడైన ఒక అమెరికన్ వచ్చి నిలబడాలి. ఆజీ రెండువేళ్లు విప్పి శాంతి గుర్తు చూపేవాడు. దాన్ని తను చేస్తే కాపీ కొట్టినట్టు. అప్పుడు డియోకి ఇటలీ నుంచి వచ్చిన వాళ్ల అవ్వ గుర్తొచ్చింది. ఎవరి కన్నైనా పడుతుందనిపిస్తే ఆవిడ చూపుడువేలూ చిటికెనవేలూ చాచి, మిగతావి మడిచి చూపించేదట. దిష్టి తీయడమన్నమాట. మన ఇళ్లల్లో ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యడం లాంటిదే. ఇవాళ లోకమంతా దెయ్యం కొమ్ములు అనుకుంటున్న గుర్తు, ఒక ముసలమ్మ మనవడికి దిష్టి తగలకుండా చేసిన పని. పాతవాడి జాగాలో కొత్తవాడు ఎలా నిలదొక్కుకున్నాడో చెప్పడానికి నీ మూడు పేజీల విశేషణాల కన్నా ఈ ఒక్క చెయ్యి చాలు.

వైరం ఎప్పుడూ గొంతుల దగ్గర ఆగదు. 1982లో లైవ్ ఆల్బమ్ మిక్సింగ్ దగ్గర డియోకీ మిగతావాళ్లకీ చెడి, ఆయన వెళ్లిపోయాడు. గాత్రం పెంచుకున్నాడని వీళ్లు, అబద్ధమని ఆయన. మళ్లీ కలిశారు. 1992 నవంబరులో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో ఆజీ వీడ్కోలు కచేరీకి ముందు సాబత్ వాయించాలన్నారు. ఆజీకి ముందు పాడేది లేదని డియో వెళ్లిపోయాడు. ఆ రెండు రాత్రులూ జూడాస్ ప్రీస్ట్‌తో పేరు తెచ్చుకున్న రాబ్ హాల్ఫర్డ్ నిలబడి గట్టెక్కించాడు. రెండో రాత్రి పాత నలుగురూ కలిసి పాడారు. (ఆజీ వీడ్కోలు మన నాయకుల రాజకీయ సన్యాసం లాంటిదని తరవాత తేలింది. మూడేళ్లకే తిరిగి వచ్చేశాడు.) డియో అహంకారి అని ఒకవర్గం, మాట మీద నిలబడ్డవాడని ఇంకోవర్గం. నువ్వు రెండో వర్గమని తెలుసు. అయినా ఆ సాయంత్రాన్ని అయోమీ వైపు నుంచి ఒక పేరా రాసి చూడు. సాబత్ పేరుతో ఉన్న ప్రతి ఆల్బమ్‌లోనూ ఉన్నవాడు ఆయనొక్కడే. పాతికేళ్ల పైబడి ఎవరో ఒకరు వెళ్లిపోతూనే ఉన్నారు, ఆయన ఇంటిపేరు మోస్తూనే ఉన్నాడు. చివరికి 2009లో ఆ పేరు మీదే ఆజీ న్యూయార్క్ కోర్టుకెళ్లాడు. మరుసటి ఏడు రాజీ పడ్డారు. అంతకుముందే, 2006లో డియోతో మళ్లీ కలిసినప్పుడు ఆ బృందానికి ‘హెవెన్ అండ్ హెల్’ అనే పేరు పెట్టుకున్నారు, సాబత్ అని కాదు. ‘అసలైన సాబత్ ఏది’ అన్న నీ ప్రశ్నకి వాళ్లే అంత తికమకపడ్డారు, చూశావా?

ఆ తరవాత సాబత్‌లో పాడిన టోనీ మార్టిన్ గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. లెక్క చూడు. మొత్తం పంతొమ్మిది స్టూడియో ఆల్బమ్‌లు. ఆజీవి తొమ్మిది, డియోవి మూడు, మధ్యలో వచ్చి పాడిన ఇయన్ గిలన్‌ది ఒకటి, గ్లెన్ హ్యూజ్‌ది ఒకటి, మార్టిన్‌వి అయిదు. డియో కన్నా ఎక్కువ. అయినా గొడవల్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. బర్మింగ్‌హామ్ మనిషే, మంచి గొంతే. 1991లో డియో తిరిగి వచ్చినప్పుడు పక్కన పెట్టారు, డియో పోగానే మళ్లీ పిలిచారు, 1997లో పాత నలుగురూ కలుస్తున్నారనగానే ఆయనకి చోటు లేదు. ఆ ఆల్బమ్‌లు చాలావరకు ఏళ్లపాటు అంగళ్లలోనే దొరకలేదు. 2024లో నాలుగు కలిపి పెట్టెగా వేశారు. ఆయన పాడిన ‘హెడ్‌లెస్ క్రాస్’ వినకుండా ఈ వ్యాసం అచ్చుకి పంపకు. నాకు అడిగే అధికారం ఉంటే, వ్యాసమంతా ఆయన మీదే రాయమందును. ఇద్దరు కొట్టుకుంటుంటే చుట్టూ జనం మూగుతారు. ఆ గుంపు వెనక సామాను సర్దుకుని వెళ్లిపోతున్న మనిషిని చూసినవాడికి కథ దొరుకుతుంది.

నీ చివరి పేజీ ఆజీ మరణం. అక్కడ కూడా వెక్కిరింపు వదల్లేదు నువ్వు. 2025 జులై 5న, ఆయన పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో ఆఖరి కచేరీ. నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పక్కన అయోమీ, గీజర్, బిల్ వార్డ్. ఇరవయ్యేళ్ల తరవాత నలుగురూ ఒకే వేదిక మీద. వాయించిన నాలుగు పాటలూ మొదటి రెండు ఆల్బమ్‌లవే. పదిహేడు రోజులకి పోయాడు. నేను ఆ వీడియో చూశాను. శ్రుతి తప్పాడు, అది రాయి. శ్రుతి తప్పినచోట మైదానమంతా అందుకుని పాడింది, అదీ రాయి. ఒకటి రాసి ఇంకొకటి దాచడం ఎదుటి పక్షం వకీలు పని. నువ్వు ఆ పనికి దిగొద్దు.

డియో మీద నీ ప్రేమ తగ్గించుకోమనడం లేదు. 2010 మేలో ఆయన పోయిన వారం నేనూ అదే క్యాసెట్ రెండో పక్క వేసుకుని కూర్చున్నాను. టేపు అప్పటికే అరిగి, ‘చిల్డ్రన్ ఆఫ్ ది సీ’ మొదట్లో వచ్చే మెత్తని గిటారు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. నీ ఏడో పేజీలో ఆ పాట రాత్రి బస్సులో మొదటిసారి విన్నానని రాసి, మరుసటి వాక్యంలోనే ‘ఏదేమైనా’ అంటూ మళ్లీ వాదనలోకి వెళ్లిపోయావు. ఏ బస్సు, ఎటు వెళ్తోంది, పక్క సీట్లో ఎవరు, ఇయర్‌ఫోన్ ఒక్కటే పనిచేస్తోందా? అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. మొదటి ఆరు పేజీలు నా దగ్గరే ఉంచుకుంటాను, నీకు తిరిగివ్వను.

మరిచాను, రెండో పేజీలో డియోని బర్మింగ్‌హామ్ వాడన్నావు. ఆయన పుట్టింది అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో. పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్‌లో. దిద్దుకో. ఆదివారం ఇంటికి రా, క్యాసెట్ ప్లేయర్ బాగుచేయించాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు