రెండు సంఘర్షణ డేటాసెట్లలో సంఖ్యలు ఎందుకు కలవవు?

ఒకే దేశానికి, ఒకే సంవత్సరానికి ఏక్లెడ్ (ACLED, సంఘర్షణలు, నిరసనల సంఘటనలను నమోదు చేసే సంస్థ) చూపే సంఘటనల సంఖ్య స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయపు సంఘర్షణ సమాచార కార్యక్రమమైన యూసీడీపీ (UCDP) సంఖ్య కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఎందుకు ఉందని మీరు అడిగారు. మీ లెక్కలో పొరపాటు ఉండనక్కర లేదు. ఆ రెండూ లెక్కించే విషయాలే వేరు. యూసీడీపీ ఒక సంఘటనను నమోదు చేయాలంటే వ్యవస్థీకృత సాయుధ పక్షం బలప్రయోగం వల్ల కనీసం ఒక్క మరణమైనా సంభవించి ఉండాలి. ఏక్లెడ్‌కు అటువంటి కనీస పరిమితి లేనందున, ప్రాణనష్టం లేని కాల్పులతో పాటు శాంతియుత నిరసనలు కూడా అందులో చేరతాయి.

కాబట్టి ముందుగా ఏక్లెడ్ నుండి నిరసనలు, అల్లర్లు, వ్యూహాత్మక పరిణామాలు (అరెస్టులు, ఒప్పందాల వంటివి) అనే వర్గాలను తొలగించి, మిగిలిన వాటిలో మరణాలు నమోదైన వరుసలను మాత్రమే ఉంచి, వాటి మరణాల సంఖ్యను యూసీడీపీ ఇచ్చే కనిష్ఠ, ఉత్తమ, గరిష్ఠ మరణాల అంచనాలలో ఉత్తమ అంచనాతో పోల్చండి. అప్పటికీ అంకెలు పూర్తిగా కలవవు, కలవాలని ఆశించడం కూడా సరికాదు.

మీరు ఏక్లెడ్ సమాచారంతో గీసిన ప్రపంచవ్యాప్త గ్రాఫ్‌లో సంఘటనల సంఖ్యలో కనిపించే పెరుగుదలే నాకు ఎక్కువ అనుమానాస్పదంగా ఉంది. ఏక్లెడ్ ఆఫ్రికా సమాచారం 1997 నుండి ఉండగా, ఇతర ప్రాంతాలు తర్వాతి సంవత్సరాల నుండి మాత్రమే చేరాయి. అంటే హింస కాక, నమోదు పరిధే పెరిగి ఉండవచ్చు. దీర్ఘకాలిక పోలికకు 1989 నుండి ఉన్న యూసీడీపీ సంఘటనల సమాచారాన్నే వాడండి.