కొట్టకపోయినా గృహ హింసేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఏడాదిగా నెలసరిలో విపరీతంగా రక్తం పోతోంది, కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరు స్కాన్ చేయించుకోమన్నారు. ‘ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే’ అంటారు మా అత్తగారు. కుట్టుపనితో నేను సంపాదించేది కూడా నా భర్తే తీసుకుంటారు, ఆసుపత్రికి మాత్రం డబ్బివ్వరు. ఇప్పుడేమో ‘గర్భసంచి తీయించేద్దాం, సంతకం నేను పెడతాను’ అంటున్నారు. ఆయన ఎప్పుడూ నా మీద చెయ్యి చేసుకోలేదు. మరి ఇది గృహ హింస అవుతుందా? కాపురం పోగొట్టుకోవాలని లేదు. పుట్టింటికి వెళ్తే అక్కడి నుంచి కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు రేపే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. వైద్యం చేయించుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇన్నాళ్లు అంత రక్తం పోవడం, కళ్లు తిరగడం మామూలు విషయం కాదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గృహ హింసే. 2005 నాటి గృహ హింస చట్టం మూడో సెక్షన్ దెబ్బల దగ్గరే ఆగిపోలేదు. స్త్రీ ఆరోగ్యానికి హాని చేసే పని ఒక్కటే కాదు, చేయాల్సింది చేయకపోవడం కూడా హింసేనని అందులో ఉంది. వైద్యం అందకుండా చేయడం దీని కిందికే వస్తుంది. మీ సంపాదన లాక్కోవడం ఆర్థిక హింస.

గర్భసంచి విషయంలో మీ భర్త సంతకం చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఆమె మత్తులో ఉండగా తల్లి అంగీకారంతో గర్భసంచి తీసేశారు. ఒప్పుకోవాల్సింది రోగే తప్ప తల్లి కాదని కోర్టు చెప్పింది. ఆపరేషన్ నిజంగా అవసరమో కాదో స్కాన్ చూశాక డాక్టరు చెప్పాలి, ఒప్పుకోవాలో వద్దో మీరు చెప్పాలి.

ఇక సాక్ష్యం. గృహ హింస (డీవీ) కేసులు ఎక్కువగా బలహీనపడేది ఇక్కడే. ఇంటి పరువు పోతుందని ఆసుపత్రిలో అసలు సంగతి దాచేస్తారు. మీరు అలా చేయకండి. ‘ఏడాది నుంచి ఉంది, ఇంట్లో వైద్యానికి పంపలేదు’ అని డాక్టరుకు చెప్పి, ఓపీ చీటీ మీద రాయమని అడగండి. పాత చీటీలు, డబ్బు గురించి భర్తతో జరిగిన వాట్సాప్ మాటలు, కుట్టుపని లెక్కల పుస్తకం, అన్నీ నమ్మకమైన వాళ్ల దగ్గర దాచండి.

మీ వాళ్లే సర్దుకుపొమ్మంటే కుంగిపోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని తెలుగు రాష్ట్రాల్లో నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లే చెప్పారు. అడిగిన కారణాల్లో అత్తమామలను గౌరవించకపోవడం, ఇల్లూ పిల్లలనూ సరిగా చూసుకోకపోవడం ఉన్నాయి. కొట్టడాన్నే తప్పనుకోని చోట, కోడలి జబ్బును ఎవరు పట్టించుకుంటారు? నాకు బాధ కలిగించేది ఇదే.

కాపురం గురించి భయం వద్దు. డీవీ పిటిషన్ వేస్తే విడాకులైపోవు, భర్తను వెంటనే జైల్లో పెట్టరు. హింస ఆపమని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20వ సెక్షన్ కింద వైద్య ఖర్చులు అడగొచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, చట్టప్రకారం తప్ప మిమ్మల్ని బయటికి పంపడానికి వీల్లేదు. కేసును 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉన్నా నెలలు పట్టవచ్చు, కాబట్టి మొదటి రోజే వైద్య ఖర్చులకు మధ్యంతర ఉత్తర్వు అడగండి.

జిల్లాలోని రక్షణ అధికారి ఫిర్యాదు రాసుకుని మేజిస్ట్రేట్‌కు పంపుతారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఆ అధికారి దగ్గరికి దారి చూపిస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా లాయరును ఇస్తుంది. పుట్టింటికి వెళ్లినా ఇబ్బంది లేదు. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులోనే పిటిషన్ వేయొచ్చని 27వ సెక్షన్ చెబుతోంది.